ఇంటి ఓనర్ల ఇస్లాం గురించి అడిగిన కాకినాడ తమ్ముడికి

ముందు ప్రశ్న ఏమిటో క్లుప్తంగా. కాకినాడ నుంచి బ్యాంకు ఉద్యోగం మీద మహారాష్ట్రలోని ధర్మాబాద్ వచ్చిన ఒక తమ్ముడు అడిగాడు: "మా ఇంటి ఓనర్లు ముస్లింలు, మంచివాళ్లు. పెద్దాయన దర్గాకు వెళ్తారు, కొడుకేమో అది తప్పంటాడు. పక్క ఊళ్లో పీర్ల పండుగకి హిందువులే పీర్లెత్తుతారట. అసలు ఇస్లాం ఎక్కడ మొదలైంది, ఏం నమ్ముతారు, ఏం చేస్తారు? రంజాన్‌లో ఇఫ్తార్‌కు పిలిచారు, ఎలా మెలగాలో తెలియక టెన్షన్‌గా ఉంది."

నేనెవరో కూడా చెప్పాలి. మా తాతలు నిజామాబాద్ వైపు నుంచి దూది ఏకుతూ ఇటొచ్చిన పింజారీలు. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, మసీదులో దక్కనీ ఉర్దూ. జిల్లా పరిషత్ బడిలో 32 ఏళ్లు లెక్కలు చెప్పాను, రిటైరయ్యాక తొమ్మిదేళ్లుగా మా మసీదు కమిటీ జమాఖర్చులు చూస్తున్నాను. ఆలిమ్‌ని, అంటే మత పండితుణ్ని, కాను. ఫత్వాలు నన్ను అడగొద్దు.

సూటి జవాబు ఇది. ఇస్లాంలో అసలు సరుకు చాలా కొంచెం. దేవుడు ఒక్కడే, ముహమ్మద్ ఆయన చివరి ప్రవక్త అని ఒప్పుకోవడం, రోజుకు ఐదు పూటల నమాజు, రంజాన్ నెల ఉపవాసం, ఏటా సొమ్ములో కొంత తీసివ్వాల్సిన జకాత్, స్తోమత ఉంటే బతుకులో ఒక్కసారి మక్కా యాత్ర, అంటే హజ్. మీకు ఇక్కడ కనిపించే దర్గాలు, పీర్లు, పోయినవాళ్ల పేరున ఊదు వేసి చదివే ఫాతిహాలు ఇవన్నీ దక్కన్ నేల మీద ఏడు వందల ఏళ్లుగా దానికి అంటుకున్నవి. మీ ఓనర్‌కీ కొడుక్కీ పేచీ ఈ అంటుకున్న వాటి గురించే. నమాజుకు మాత్రం ఇద్దరూ ఒకే వరుసలో భుజం భుజం ఆనించి నిలబడతారు, గమనించండి.

ఇక మొదటినుంచి.

ముహమ్మద్ ప్రవక్త సుమారు 570లో మక్కాలో పుట్టారు. ఖురైష్ తెగ. పుట్టకముందే తండ్రి పోయాడు, ఆరేళ్లకు తల్లి పోయింది. తాత దగ్గర, ఆ తర్వాత పెదతండ్రి అబూ తాలిబ్ దగ్గర పెరిగారు. పెద్దయ్యాక ఖదీజా అనే వ్యాపారస్తురాలి సరుకు ఒంటెల మీద సిరియా వైపు తీసుకెళ్లి నమ్మకంగా లెక్క అప్పజెప్పారు. ఆవిడే పెళ్లి ప్రస్తావన తెచ్చింది. నలభై ఏళ్ల వయసులో, 610 ప్రాంతంలో, హిరా గుహలో ఒంటరిగా కూర్చున్న రాత్రి దేవదూత జిబ్రీల్ వచ్చి "ఇఖ్రా", అంటే "చదువు", అన్నాడని మా నమ్మకం. ఆయనకు చదవడం రాదు. వణుక్కుంటూ ఇంటికొచ్చి "నాకు దుప్పటి కప్పండి" అన్నారు. కప్పింది ఖదీజా, మొదట నమ్మిందీ ఆవిడే. బడిలో నేను ఈ కథ చెప్పేటప్పుడు పిల్లలు గుహ దగ్గర ఆగిపోయేవారు, నేను దుప్పటి దగ్గర ఆగేవాణ్ని.

మక్కా పెద్దలకు ఈ బోధ నచ్చలేదు. అక్కడి కాబా మందిరంలో ఉన్న విగ్రహాల చుట్టూ వాళ్ల వ్యాపారమూ పరపతీ అల్లుకుని ఉన్నాయి మరి. పదమూడేళ్లు వేధింపులు పడి 622లో ప్రవక్త మదీనాకు తరలిపోయారు. దాన్నే హిజ్రత్ అంటారు, మా హిజ్రీ సంవత్సరాలు అక్కడి నుంచే లెక్క. 630లో మక్కా ఆయన చేతికొచ్చింది, 632లో మదీనాలో కన్నుమూశారు. మొదటి అజాన్, అంటే నమాజు పిలుపు, ఇచ్చింది బిలాల్, బానిసత్వం నుంచి విడుదలైన హబ్షీ, అంటే ఆఫ్రికావాడు. మసీదులో ఫలానా కులంవాళ్లు ముందు నిలబడాలనే నియమం ఎందుకు లేదో అడిగితే మావాళ్లు చెప్పే మొదటి పేరు అదే. (మసీదు బయట ప్రవక్త వంశమని చెప్పుకునే మా సయ్యద్లూ మా పింజారీలూ పిల్లనిచ్చి పుచ్చుకుంటారా అంటే, అది వేరే సంగతి. అడక్కండి.)

ఆయన తర్వాత అబూబకర్, ఉమర్, ఉస్మాన్, అలీ వరుసగా ఖలీఫాలు, అంటే ముస్లింల నాయకులు, అయ్యారు. వారసత్వం ఎవరికి దక్కాలనే దగ్గరే సున్నీ, షియా దారులు వేరయ్యాయి. అలీకే, ఆయన సంతానానికే దక్కాలన్నది షియాల మాట. 680లో ఇరాక్‌లోని కర్బలా దగ్గర, ముహర్రం నెల పదో రోజున, అలీ కొడుకూ ప్రవక్త మనవడూ అయిన హుసేన్‌ను యజీద్ సైన్యం చంపేసింది. అంతకుముందు కొన్ని రోజులు యూఫ్రటీస్ నది నీళ్లు వాళ్లకు అందకుండా ఆపేశారు. ఈ నీళ్ల సంగతి గుర్తుంచుకోండి, పీర్ల దగ్గర పనికొస్తుంది. ఇవాళ ప్రపంచ ముస్లింలలో ఎక్కువమంది సున్నీలు, షియాలు పది పదిహేను శాతం.

నమ్మకాలు ఆరు. ఏక దేవుడు, దేవదూతలు, దైవగ్రంథాలు, ప్రవక్తలు, తీర్పు రోజు, విధి. గ్రంథాలంటే ఖురాన్ ఒక్కటే కాదు. మూసాకు (మోషే) తౌరాత్, దావూద్‌కు (దావీదు) జబూర్, ఈసాకు ఇంజీల్ ఇచ్చాడని ఒప్పుకోవాలి. ఈసా అంటే మీ క్రైస్తవ మిత్రులు చెప్పే యేసే. మాకు ఆయన గొప్ప ప్రవక్త, దేవుడి కొడుకు మాత్రం కాదు. ఖురాన్‌లో 19వ సూరా పేరే మర్యమ్. అల్లా అనేది ముస్లింల దేవుడి పేరు అనుకుంటారు చాలామంది. అరబ్బీ మాట్లాడే క్రైస్తవులు కూడా దేవుణ్ని అల్లా అనే పిలుస్తారు.

ఖురాన్‌లో 114 సూరాలు. మొదటిది ఫాతిహా, ఏడే వాక్యాలు, నమాజులో ప్రతి రకాతులోనూ, అంటే నిలబడి, వంగి, సాష్టాంగపడే ప్రతి ఆవృత్తిలోనూ, చదివేది. ప్రవక్త మాటలూ నడవడికా చెప్పేవి హదీసులు, అవి వేరే సంకలనాలు. ఖురాన్ మాటలు దేవుడివి, హదీసులోవి ప్రవక్తవి. ఈ రెండూ కలిపేసి వాదించేవాళ్లు ఫోన్లలో ఎక్కువయ్యారు. తెలుగులో చదవాలనుకుంటే మొహమాటపడక్కర్లేదు. ఖురాన్‌ను తెలుగు చేసిన తొలివాళ్లలో చిలుకూరి నారాయణరావు గారు ఉన్నారు. మీ కాకినాడ పక్క పిఠాపురంలోనే ఉమర్ ఆలీషా గారు సూఫీ పీఠం నడుపుతూ పద్యాలు రాశారు. నేనింత దూరం నుంచి మీకు చెప్పడం కాస్త విడ్డూరమే.

ఇప్పుడు నమాజు. మీ కింది ఇంట్లో రోజూ జరిగేది ఇదే కాబట్టి కొంచెం దగ్గరగా చెప్తాను. ముందు వుజూ, అంటే నమాజుకు ముందు ఒళ్లు కడుక్కోవడం. మా నాన్న కొమ్ము బద్నాలో, అంటే కొమ్ముచెంబులో, నీళ్లు పట్టుకుని ముంగిట్లో ముక్కాలిపీట మీద కూర్చునేవాడు. చేతులు మణికట్టు దాకా మూడుసార్లు, పుక్కిలింత మూడుసార్లు, ముక్కు, ముఖం, మోచేతుల దాకా చేతులు, తడిచేత్తో తల మీద ఒక్కసారి, చివరికి చీలమండల దాకా కాళ్లు, ముందు కుడి తర్వాత ఎడమ. అంతా ఒక్క బద్నా నీళ్లతోనే. గడ్డం నుంచి చుక్కలు కారుతుండగానే లేచేవాడు. దూది ఏకే విల్లు మూలన పెట్టి ఉండేది. దాని దన్ దన్ చప్పుడు ఆగిందంటే సాయంత్రం నమాజు అసర్ వేళయిందని పక్కింటి గొల్లమల్లవ్వ పాలు పితకడానికి లేచేది. ఆవిడకు గడియారం లేదు.

పూటలు ఐదు: తెల్లవారుజామున ఫజర్, మధ్యాహ్నం జుహర్, సాయంత్రం అసర్, పొద్దుగూకగానే మగ్రిబ్, రాత్రి ఇషా. తప్పనిసరి రకాతులు వరుసగా రెండు, నాలుగు, నాలుగు, మూడు, నాలుగు. ఫజర్ అజాన్‌లో ఒక వాక్యం ఎక్కువ ఉంటుంది, "నిద్ర కన్నా నమాజు మేలు" అని. మీ నిద్ర చెడేది దానికే. ముఖం మక్కాలోని కాబా వైపు, మనకది పడమర. కాబాను పూజిస్తారా అని మా స్టాఫ్‌రూమ్‌లో ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడిగేవారు. లేదు. అది దిక్కు. అక్కడి నల్లరాయిని ముట్టుకుంటూ ఖలీఫా ఉమర్, నువ్వు రాయివే, మేలూ కీడూ చేయలేవు, ప్రవక్త ముద్దాడగా చూశాను కాబట్టే నేనూ ముద్దాడుతున్నాను అన్నట్టు హదీసులో ఉంది. అయినా దిక్కు మీద గౌరవం ఉంటుంది. మీ ఇళ్లలో ఉత్తరం వైపు తల పెట్టొద్దన్నట్టే మా ఇళ్లలో పడమర వైపు కాళ్లు పెట్టుకుని పడుకోనివ్వరు. మీ మంచం ఎటుందో ఓసారి చూసుకోండి, పెద్దావిడ చూసీ చూడనట్టు ఊరుకుని ఉంటుంది.

శుక్రవారం జుహర్ బదులు జుమా, దాన్ని మసీదులో అందరూ కలిసి చేయాలి. మీ బ్యాంకులో ముస్లిం సహోద్యోగి ఎవరైనా ఉంటే శుక్రవారం ఒంటిగంట నుంచి రెండున్నర మధ్య మీటింగు పెట్టకండి.

జకాత్ దానం కాదు, బాకీ. నాకు బాగా తెలిసినది ఇదే, లెక్కల మాస్టర్ని కదా. ఇంటి ఖర్చులూ అప్పులూ పోగా నిసాబ్ అనే హద్దుకు మించిన సొమ్ము చాంద్రమానం ప్రకారం ఏడాది పాటు చేతిలో ఉంటే ఆ మొత్తంలో రెండున్నర శాతం. రెండు లక్షలుంటే ఐదు వేలు. నగదు, బంగారం, వెండి, దుకాణంలో సరుకు లెక్కలోకి వస్తాయి. ఉంటున్న ఇల్లు, ఎక్కే బండి రావు. ఎవరికివ్వాలో ఖురాన్ తొమ్మిదో సూరాలో ఎనిమిది వర్గాలు చెప్పింది: పేదలు, అప్పుల్లో కూరుకుపోయినవాళ్లు, దారిలో చిక్కుబడ్డ ప్రయాణికులు, ఇలా. సొంత తల్లిదండ్రులకూ పిల్లలకూ జకాత్ ఇవ్వకూడదు, వాళ్లను పోషించడం ఎలాగూ మన బాధ్యతే. మిర్చి మార్కెట్లో ఒక వ్యాపారి ఏటా నా దగ్గరికి వచ్చి గోడౌన్‌లో బస్తాలు పాత ధరకి లెక్క కట్టమంటాడు. ఇవాళ్టి ధరకే కట్టాలంటాను. ఇద్దరం చాయ్ తాగి, ఇవాళ్టి ధరకే కడతాం. గొణుక్కుంటూ ఇచ్చేస్తాడు.

ఉపవాసం తెల్లవారుజాము నుంచి సూర్యాస్తమయం దాకా. తిండీ నీళ్లూ లేవు, సిగరెట్టూ లేదు. తెల్లారకముందు తినేది సెహ్రీ, విరమించేది ఇఫ్తార్. మా నెలలు చంద్రుడివి, అధికమాసం లేదు. అందువల్ల రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, దాదాపు 33 ఏళ్లకు ఋతువులన్నీ చుట్టొస్తుంది. చలికాలం రోజాలూ (ఉపవాసాలు) చేశాను, నాందేడ్ జిల్లా మే నెల రోజాలూ చేశాను. రెంటికీ పోలికే లేదు.

ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. అప్పట్లో ఏడో తరగతి పిల్లాడొకడు జ్వరంతోనే రోజా పట్టుకుని బడికొచ్చాడు. నేను అందరి ముందూ భేష్ అని మెచ్చుకున్నాను. మూడో పీరియడ్‌లో బెంచీ మీద వాలిపోయాడు. రోగులకూ ప్రయాణికులకూ ఉపవాసం వాయిదా వేసుకునే వెసులుబాటు ఖురాన్‌లోనే ఉంది, తర్వాత ఆ రోజులు పూరించుకోవచ్చు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు సడలింపు ఉంది. నెలసరి రోజుల్లో ఆడవాళ్లు అసలు ఉండరు. యుక్తవయసు రాని పిల్లలకు విధే కాదు. ఇవన్నీ తెలిసిన నేనే ఆ పిల్లాణ్ని చెట్టెక్కించాను. వాళ్లమ్మ పరుగున వచ్చి నావైపు చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు. కాబట్టి మీ ఓనర్ ఇంట్లో ఎవరైనా ఓ రోజు పగలు తింటూ కనబడితే "ఏం, ఇవాళ రోజా లేదా?" అని అడక్కండి. ముఖ్యంగా ఆడవాళ్లను.

హజ్ గురించి ఎక్కువ రాయను. జుల్‌హజ్ నెల 8 నుంచి ఐదారు రోజులు. తొమ్మిదో తేదీన అరఫాత్ మైదానంలో నిలబడటమే దాని గుండెకాయ. మగవాళ్లందరూ కుట్టని రెండు తెల్లబట్టల్లో ఉంటారు. పదో తేదీన ఇక్కడ మనకు బక్రీద్. ఇబ్రాహీం ప్రవక్త కొడుకును బలివ్వడానికి సిద్ధపడితే దేవుడు బదులుగా పొట్టేలును ఇచ్చిన జ్ఞాపకం. మాంసం మూడు వాటాలు: ఇంటికి, బంధుమిత్రులకు, పేదలకు.

పెళ్లి సంగతి మీరు అడగలేదు, అయినా ఒక మాట. నిఖా ఒక ఒప్పందం. పిల్ల ఒప్పుకోలు, సాక్షులు, పెళ్లికొడుకు పెళ్లికూతురికి ఇవ్వాల్సిన మహర్ ఉండాలి. ఇవ్వాల్సినవాడే జహేజ్, అంటే కట్నం, పేరుతో బైకు అడగడం మన రెండు మతాలవాళ్లకూ అబ్బిన ఒకే జబ్బు.

ఇక మీ అసలు ప్రశ్నలు, దర్గా, పీర్లు.

దక్కన్‌లోకి అల్లావుద్దీన్ ఖిల్జీ సైన్యం 1296లో దేవగిరి మీదికి వచ్చింది. 1327లో తుగ్లక్ రాజధానిని దౌలతాబాద్‌కు మార్చినప్పుడు అధికారులతో పాటు ముస్లిం సాధువులైన సూఫీలూ తరలివచ్చారు. ఖుల్దాబాద్‌లో బుర్హానుద్దీన్ గరీబ్, తర్వాత గుల్బర్గాలో బందేనవాజ్, మన నాందేడ్ జిల్లాలోనే కంధార్‌లో హాజీ సయ్యా దర్గా. 1347లో బహమనీ రాజ్యం, దాని ముక్కల్లో ఒకటి గోల్కొండ. ఆ తర్వాత మొఘలులు, 1724 నుంచి 1948 దాకా నిజాములు. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ అన్నీ నిజాం నేలే. 1956లో రాష్ట్రాలు మార్చినప్పుడు ఈ జిల్లా బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి వెళ్లింది. బాసర దాటగానే వచ్చే స్టేషన్లో తెలుగు ఎందుకు వినబడుతుందో, మా ఉర్దూలో "నక్కో" ఎందుకుందో ఇప్పుడర్థమై ఉంటుంది. ఆ నక్కో మరాఠీదే.

సూఫీలు జనంలో కలిసి బతికారు. పోయాక వాళ్ల సమాధులు దర్గాలయ్యాయి. ఏటా వాళ్ల వర్ధంతికి ఉర్సు ఉత్సవం, సమాధి మీద కప్పే చాదర్, గంధం. మీ ఓనర్‌లాంటివాళ్లు అనుకునేది: ఆ పెద్దాయన దేవుడికి దగ్గరివాడు, ఆయన మధ్యవర్తిత్వంతో నా మొర చేరుతుంది. కొడుకు వాదన: దేవుడికీ మనిషికీ నడుమ ఎవరూ అక్కర్లేదు, సమాధి దగ్గర కోరుకోవడం షిర్క్, అంటే దేవుడికి సాటి కల్పించడం. ఇస్లాంలో అంతకు మించిన పాపం లేదు. తండ్రిది సాధారణంగా బరేల్వీ ధోరణి అంటారు, కొడుకుది దేవ్‌బందీ లేదా అహ్లె హదీస్ ధోరణి అయి ఉంటుంది, ఇవన్నీ సున్నీల్లోనే వేర్వేరు దారులు. దేవ్‌బంద్ మదర్సా 1866లో మొదలైంది, కాబట్టి ఈ చర్చ నిన్న మొన్నటిదేం కాదు. నా మాట అడిగితే, సమాధి ముందు సజ్దా చేయడం, అంటే నుదురు నేలకు ఆనించడం, నాకు సమ్మతం కాదు. మా అమ్మ మాత్రం కంధార్ ఉర్సుకు వెళ్లేది. బస్టాండ్ దాకా సంచీ మోసుకెళ్లి బస్సెక్కించేవాణ్ని.

పీర్ల పండుగ పండుగ కాదు, సంతాపం. కర్బలా జ్ఞాపకం. గోల్కొండ కుతుబ్‌షాహీలు షియాలు, హైదరాబాద్‌లో ముహర్రం సంతాపానికి కట్టిన బాద్షాహీ అషూర్‌ఖానా వాళ్ల కాలందే. అక్కణ్నుంచి ముహర్రం పల్లెలకు పాకి, తెలుగు ఊళ్లలో రంగే మార్చుకుంది. పీరు అంటే లోహపు జెండా, దాని కొసన పంజా. ఐదు వేళ్లు ముహమ్మద్, ఫాతిమా, అలీ, హసన్, హుసేన్ అని చెప్తారు. పీర్ల కొట్టంలో నిలబెట్టి రంగుగుడ్డల దట్టీలు కడతారు, ముందు అలావ, అంటే నిప్పుల గుండం, తవ్వుతారు. మా పక్క పల్లెలో చిన్నప్పుడు చూశాను. పీరెత్తేది ఒక మున్నూరుకాపు పెద్దాయన. పది రోజులూ నేల మీదే పడుకునేవాడు, చెప్పుల్లేవు. గుండం చుట్టూ కుర్రాళ్లు "అసైదులా" అంటూ అడుగులేస్తుంటే ఆయన కళ్లు మూసుకుని నిలబడేవాడు, ఊదు పొగకు దగ్గేవాడు కూడా. రొట్టె, బెల్లం కలిపిన మలీదా పంచేవారు, కుండల్లో బెల్లం షర్బత్ పోసేవారు. కర్బలాలో దప్పికతో పోయినవాళ్ల పేరున ఇక్కడ దారిన పోయేవాడి గొంతు తడపడం. నీళ్ల సంగతి గుర్తుంచుకోమన్నది అందుకే. పదో రోజు పీర్లను గోదారికి తీసుకెళ్లి సాగనంపేవారు.

ఇప్పుడు ఆ ఊళ్లో ముస్లిం కుర్రాళ్లు చాలామంది రారు, ఇది బిద్అత్, కొత్తగా చేర్చింది అంటారు. గ్రంథం పట్టుకుని చూస్తే వాళ్ల మాటలో బలముంది. కానీ ఆ మున్నూరుకాపాయన మనవడు ఇప్పటికీ ఎత్తుతున్నాడు. అది ఇస్లామా, హిందూ ఆచారమా అని మీరు ఆయన్నే అడిగితే "మా తాత మొక్కు" అంటాడు. అంతకుమించి నేనూ పేరు పెట్టలేను.

చివరికి మీ ఇఫ్తార్. పది నిమిషాలు ముందు వెళ్లండి. ఖర్జూరాలో పళ్లో తీసుకెళ్లండి. మీరు పగలంతా పస్తుండక్కర్లేదు, కానీ అజాన్ వినబడేదాకా పళ్లెం మీద చెయ్యి వేయకండి. మొదట ఖర్జూరం, నీళ్లు. వెంటనే వాళ్లు మగ్రిబ్ నమాజుకు లేస్తారు, ఓ పది నిమిషాలు. మీరు కూర్చోవచ్చు, వాళ్ల ముందు నుంచి మాత్రం దాటకండి. శాకాహారులైతే మొహమాటపడకుండా ముందు రోజే చెప్పండి. ఇంట్లో ఆడవాళ్లకు షేక్‌హ్యాండ్ ఇవ్వబోకండి, ఆదాబ్ అన్నా నమస్కారం అన్నా చాలు. "అస్సలాము అలైకుం" అంటే "వ అలైకుముస్సలాం" అనండి, "మీకు శాంతి కలగాలి" అనే అర్థం, మీరంటే తప్పేం లేదు.

ఒకటి మాత్రం ముందే తెలుసుకోండి. మీ ఇంటి వ్రతం ప్రసాదం పంపితే కొందరు తీసుకుంటారు, కొందరు తీసుకోరు. మా అమ్మ రెండు చేతులతో పుచ్చుకునేది. మా చిన్నాన్న వద్దనేవాడు, వేరే పేరున నివేదించింది తినకూడదని ఆయన చదువుకున్నది. అదే చిన్నాన్న మీకు జ్వరమొస్తే అర్ధరాత్రి బండి తీసేవాడు. కోపం అనుకోకండి, ఇబ్బందిగా ఉంటే పళ్లు పంపండి.

ఈద్ రోజు పొద్దున వాళ్లు ఈద్గా నుంచి తిరిగొచ్చాక, తొమ్మిది దాటాక వెళ్లండి. షీర్ ఖుర్మా పెడతారు: పాలు, సన్న సేమియా, ఖర్జూరం, చిరోంజీ (సారపప్పు). షుగర్ ఉంటే సగం గిన్నె చాలని ముందే చెప్పండి. ఇక్కడ రెండో గిన్నె అడక్కుండానే పోస్తారు.